నీలి అంచు కట్టు

"చీర చించింది నువ్వేనా?" అని జక్కయ్య మళ్ళీ అడిగాడు.

"నేనేనని చెప్పాను కదండీ," అంది ఎలిజబెత్, కూర గిన్నె మీద మూత సర్దుతూ.

"ఎందుకు చించావని అడుగుతున్నా."

"అడిగే పద్ధతిలో అడిగితే చెబుతాను."

హాల్లో ట్రంకుపెట్టె నోరు తెరుచుకుని ఉంది. లోపలి బట్టలన్నీ నేల మీద చిందరవందరగా పడున్నాయి. అన్నిటి పైనా తెల్లటి మంగళగిరి నేత చీర ఒకటి పరుచుకుని ఉంది. సన్నటి నీలి అంచుది. కొంగు వైపు ఒక పెద్ద ముక్క లేదు.

అది ఎలిజబెత్ పెళ్ళి చీర. ఆమె తండ్రి గుడివాడ మిషను స్కూల్లో పంతులు. దేవుడి ముందు నిలబడటానికి పట్టుచీర దేనికని, పెళ్ళికి ఆ నేత చీరే కొన్నాడు. ఆ చీరలో ఎలిజబెత్‌ని చూసి గుడిలో బలిపీఠం ముందు జక్కయ్య చెప్పాల్సిన ప్రమాణం మర్చిపోయి, పాదిరిగారి చేత చిన్నగా దగ్గించుకున్నాడు. ఆ సంగతి ఇప్పటికీ చుట్టాలు చెప్పుకుని నవ్వుతారు.

"ఒరే అబ్బాయ్, ముందా కంచం ముందు కూచోరా," అంది మంచం మీంచి అతని తల్లి సంపూర్ణమ్మ. "ఆదివారం పూట కోడికూర వండి పెడితే చల్లార్చుకుంటావేంటి? చీరెక్కడికీ పోదు."

"పోయిందమ్మా. అదేగా చెబుతున్నా. కొంగే పోయింది."

"పోతే పోయింది. ఇప్పుడా చీర కట్టుకుని అది ఎవరిని పెళ్ళాడాలి?"

ఆవిడ సరదాకే అంది. జక్కయ్యకు మాత్రం ఆ మాట వెళ్ళి సూటిగా గుండెల్లో దిగింది. ఎవరిని పెళ్ళాడాలో, అసలు ఎవరిని పెళ్ళాడాల్సిందో, ఆ పేరు పొద్దుట్నుంచీ అతని గొంతులో ముల్లులా అడ్డం పడి ఉంది మరి.

గుడి నుంచి రాగానే చెప్పులైనా విప్పకుండా అతను ఆ ట్రంకుపెట్టె ఎందుకు తెరిచాడో ఇంట్లో ఇద్దరికీ తెలీదు. చెప్పుకోడానికి అతనికి మొహం చెల్లలేదు.

పొద్దున ఆరాధనలో ఎలిజబెత్ ఎప్పటిలాగే క్వయర్లో ముందు వరసలో నిలబడి పాడింది. ఎప్పటిలాగే హార్మోనియం ముందు కృపానందం కూచున్నాడు. కృపానందం అంటే బ్రేకిన్‌స్పెక్టరు. మోటారు బళ్ళు రోడ్డు మీద తిరగడానికి పనికొస్తాయో లేదో చూసి సర్టిఫికెట్టు రాసే గవర్నమెంటు మనిషి. వానలకు ముందు బదిలీ మీద బెజవాడ వచ్చాడు. వచ్చిన కొత్తలోనే గుడిలో హార్మోనియం ముందు తేలాడు. పైగా గుడివాడ మనిషి. అతని తండ్రీ ఎలిజబెత్ తండ్రీ ఒకే స్కూల్లో పాఠాలు చెప్పారు. ఎలిజబెత్‌ని కృపానందానికి ఇవ్వాలని ఒకప్పుడు మాటలు కూడా నడిచాయట.

ఆ సంగతి చెవిన పడిన నాటి నుంచీ జక్కయ్య కళ్ళలో నిప్పులు పోసుకుంటున్నాడు. నిజానికి కృపానందం నల్లగా, పుల్లలా ఉంటాడు. నవ్వితే పళ్ళు కాస్త ముందుకొస్తాయి. అయినా జక్కయ్య కంటికి అతను సినిమా హీరోలాగే కనపడేవాడు. అతని ఇస్త్రీ చొక్కాను ఓర్వలేడు, జీపును ఓర్వలేడు, ప్రతి మనిషినీ "గారూ" అని పిలిచే ఆ మర్యాదనైతే బొత్తిగా ఓర్వలేడు.

ఆ పొద్దున హార్మోనియం మెట్ల మీద కదులుతున్న వేళ్ళలో ఒకదానికి తెల్లటి కట్టు ఉంది. గుడ్డ అంచున సన్నటి నీలి గీత కనపడుతోంది.

పాదిరిగారు దేని మీద ప్రసంగించారో జక్కయ్యకు తెలీదు. అందరూ లేచినప్పుడు లేచాడు, కూచున్నప్పుడు కూచున్నాడు. ఇంటికొచ్చి ట్రంకుపెట్టె తెరిచాడు. చీర తీశాడు. కొంగు లేదు.

'వాడి వేలికి కట్టింది నీ చీరేనా' అని అడిగేస్తే అయిపోను. అడిగితే చిన్నతనం. అడక్కుండా ఉండలేడు.

"ఎవరికిచ్చావు?" అన్నాడు చివరికి.

మూత సర్దుతున్న ఎలిజబెత్ చెయ్యి ఆగింది. మెల్లిగా ఇటు తిరిగింది.

"ఎవరికిచ్చాననుకుంటున్నారు?"

జక్కయ్య నేల చూశాడు.

"ఆ పేరేదో మీ నోటితో చెప్పండి. వింటాను."

అతను చెప్పలేదు. ఆమె మొహం మాత్రం పాలిపోయింది. పేరు చెప్పకపోయినా వినపడింది మరి.

"సరే, నేను చెబుతాను వినండి," అంది. గొంతు పెంచలేదు. "వానలప్పటి నుంచీ మీ మనసును ఏ పురుగు తొలుస్తోందో నాకు తెలుసు. నేను క్వయరు ప్రాక్టీసుకు వెళితే మొహం గంటు పెట్టుకుంటారు. ఆయన నమస్కారం పెడితే మీరు ఆకాశం చూస్తారు. పోనీలే, తగ్గుతుందిలే అని ఊరుకున్నా. ఈ నాలుగు గోడల మధ్యా మీరేమడిగినా చెబుతాను. తిట్టండి, పడతాను. కానీ బయట, పదిమందిలో, ఆ అనుమానానికి నా పేరు కలిపి ఒక్క మాటన్నారో, ఆ పూటే ఈ గడప దిగుతాను. మళ్ళీ ఎక్కను."

"బెదిరిస్తున్నావా?"

"ముందుగా చెబుతున్నా. అత్తయ్యా, మీరు సాక్షి."

"నన్నెందుకు లాగుతారే మధ్యలో?" అని సంపూర్ణమ్మ కళ్ళజోడు తీసి పైట చెంగుతో తుడుచుకుంది. అయినా వినలేదని అనలేదు.

ఎలిజబెత్ ఒక్క మాట చెప్పి ఉంటే ఆ గొడవ అక్కడితో సద్దుమణిగేది. కానీ ఆ మాట చెప్పడానికి ఆమెకు మొదట సిగ్గు అడ్డమొచ్చింది. పోలీసల్లే నిలదీసేసరికి పౌరుషం కూడా వచ్చి దానికి తోడయింది. ఆమె కింద కూచుని బట్టలన్నీ మడతలు పెట్టి పెట్టెలో సర్దింది. చీరను అన్నిటికన్నా అడుగున పెట్టింది. జక్కయ్య అన్నం ముట్టకుండా వీధిలోకి వెళ్ళిపోయాడు.

*

సోమవారం జక్కయ్య బస్సుకు బ్రేకు రోజు, అంటే ఇన్‌స్పెక్టరు తనిఖీ రోజు.

జక్కయ్యది పెళ్ళి బస్సు. స్టీరింగు దగ్గర కూచునేదీ అతనే. బెజవాడ నుంచి అవనిగడ్డ దాకా ఎవరింట్లో పెళ్ళయినా, మొక్కుబడులయినా కబురు అతనికే వచ్చేది. ఈ గురువారం కూచిపూడిలో పెళ్ళివారిని ఎక్కించుకుని గన్నవరం చేర్చాలి. సర్టిఫికెట్టు గడువు మాత్రం అయిపోయింది. కొత్తది వస్తే తప్ప బండి కదలకూడదు.

బస్సులో ఏముండాలో చెప్పే రూళ్ళు ఎప్పటి నుంచో ఉన్నాయి. ఎమర్జెన్సీ వచ్చాక వాటిని నిజంగా చూసే మనుషులు కూడా వచ్చారు. అద్దానికి వైపరు ఉండాలి. మంటలార్పే ఎర్ర డబ్బా ఉండాలి. మందుల పెట్టె ఉండాలి, అందులో దూది, అయోడిన్, శుభ్రమైన తెల్లగుడ్డ ఉండాలి. కృపానందం వచ్చాక వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా బస్సును గేటు దాటనివ్వలేదు.

దానికి పెళ్ళి బస్సుల వాళ్ళు చక్కటి ఉపాయం కనిపెట్టారు. అందరికీ కలిపి ఒకటే సెట్టు. ఎవరి బస్సు బ్రేకుకు వెళుతుంటే ఆ సరంజామా ఆ బస్సెక్కేది. సర్టిఫికెట్టు చేతికి రాగానే దిగి పక్క బస్సెక్కేది. ఒకే వైపరు ఊళ్ళో పెళ్ళి బస్సులన్నిటి అద్దాలూ తుడిచింది. ఎర్ర డబ్బా అయితే అన్ని బస్సుల్లో తిరిగింది గానీ ఏ బస్సులోనూ ఊరు దాటలేదు.

ఈ సామాన్లలో మందుల పెట్టె జక్కయ్య వంతు. పాత రేకుపెట్టెకు ఎర్ర సిలువ గుర్తు వేయించి ఇంట్లో పడేసి, "ఇందులో ఏదో తెల్లగుడ్డ పెట్టి ఉంచు, రూలంట" అని ఎలిజబెత్‌తో అన్నాడు. ఆమె మూత పెట్టి ఇచ్చింది. అతను పట్టుకెళ్ళాడు. దాన్ని తెరిచి చూడాలన్న ఆలోచన అతనికి ఏనాడూ రాలేదు. శనివారం నాడు అది తిరుపతిరావు బస్సెక్కింది.

బందరు కాలువ పక్కన ఖాళీ స్థలంలో బళ్ళు వరసగా నిలబడి ఉన్నాయి. జక్కయ్య బస్సు మొదట్లోనే ఉంది. రాత్రంతా నిద్ర లేక అతని కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. తిరుపతిరావు స్కూటరు దిగి, పెట్టె చంకన పెట్టుకుని వచ్చాడు. గన్నవరం దగ్గర రైతు అతను. చెరకు మీద వచ్చిన డబ్బుతో బస్సు కొన్నాడు. నోరు పెద్దది, మనసు చెడ్డది కాదు.

"ఏమోయ్ జక్కయ్యా, నీ పెట్టె మహత్తు గలదోయ్! శనివారం ఏం జరిగిందో తెలుసా? మన బ్రేకిన్‌స్పెక్టరు..."

"ఆయన సంగతి నాకు చెప్పకండి."

"అది కాదయ్యా, విను. నవ్వి చస్తావు."

"నాకు నవ్వే ఓపిక లేదండీ. ఆ పెట్టె ఇటివ్వండి." జక్కయ్య దాదాపు లాక్కున్నాడు.

తిరుపతిరావు బిత్తరపోయాడు. "మంచీ చెడ్డా వినకుండా ఈ కోపమేంటి, ఇంట్లో ఏమన్నా..." అని ఇంకా ఏదో అనబోతుంటే జీపు వచ్చి ఆగింది. కృపానందం దిగాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో పెన్సిలు. వేలికి కట్టు అలాగే ఉంది. కాస్త మాసింది గానీ నీలి అంచు ఇంకా కనపడుతూనే ఉంది.

"నమస్కారం జక్కయ్య గారూ. ఎక్కుదామా?"

బస్సు కాలువ గట్టు వెంట బయల్దేరింది. కృపానందం పక్కనే నిలబడి, "ఇక్కడ ఆపండి," అన్నాడు. మనసులో ఉన్న కసి అంతా జక్కయ్య కాలిలోకి దిగింది. బ్రేకు తొక్కిన తొక్కుకు ఇన్‌స్పెక్టరు ముందుకు వచ్చి అద్దానికి గుద్దుకోబోయి, కడ్డీ పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

"బ్రేకులు బాగా పడుతున్నాయండీ," అన్నాడు కళ్ళజోడు సర్దుకుంటూ. ఆ మనిషికి కోపం రాకపోవడం చూసి జక్కయ్యకు ఇంకా మండింది.

స్థలానికి తిరిగొచ్చారు. దీపాలు చూశాడు, హారను చూశాడు. వైపరు తిప్పించాడు. ఎర్ర డబ్బా మీద తేదీ చదివాడు. అన్నీ సరిపోయాయి. మిగతా బస్సుల వాళ్ళు చుట్టూ మూగి, తమ సామాను తమ కళ్ళ ముందే మరో బస్సు సామానుగా పాసవుతుంటే ఏమీ ఎరగనట్టు బీడీలు కాల్చుకుంటున్నారు.

"మందుల పెట్టె?"

జక్కయ్య పెట్టె తెచ్చి ముందుకు పట్టాడు. దాన్ని అందుకోవడానికి కృపానందం చెయ్యి చాచాడు. కట్టు ఉన్న చెయ్యే. నీలి అంచు ఇప్పుడు జక్కయ్య ముక్కు ముందుంది.

"ఎలిజబెత్ గారు కులాసానా?" అన్నాడు కృపానందం, మామూలుగా. "నిన్న పాటలో ఆమె గొంతు కాస్త తగ్గినట్టనిపించింది. జలుబు చేసిందేమోనని..."

అంతే. జక్కయ్యకు కళ్ళు బైర్లు కమ్మాయి. నిన్న మధ్యాహ్నం భార్య చెప్పిన మాట ఏమైందో, తల్లి సాక్ష్యం ఏమైందో, ఏదీ గుర్తు రాలేదు.

"మా ఆవిడ గొంతు సంగతి నీకెందుకయ్యా?" అని అరిచాడు. "ముందు ఆ వేలికి కట్టిన గుడ్డ సంగతి చెప్పు! అది మా ఎలిజబెత్ పెళ్ళి చీర! పెట్టె అడుగున దాచుకున్న చీర! అది నీ వేలికెట్లా వచ్చింది? చెప్పు!"

బీడీలు కాల్చేవాళ్ళు అలాగే ఉండిపోయారు. తిరుపతిరావు నుదురు కొట్టుకున్నాడు.

"చంపావు కదయ్యా," అన్నాడు నీరసంగా.

కృపానందం తన వేలిని చూసుకున్నాడు. తర్వాత జక్కయ్యను చూశాడు. ఏమీ అనకుండా పెట్టెను బస్సు మెట్టు మీద పెట్టి మూత తీశాడు. లోపల దూది, చిన్న అయోడిన్ సీసా. వాటి పక్కన ఇస్త్రీ చేసి చుట్టలు చుట్టిన తెల్లటి గుడ్డ పట్టీలు. ఒక్కో పట్టీకి పోగులు ఊడకుండా చేత్తో కుట్టిన కుట్టు. కొన్నిటి అంచున నీలి గీత.

జక్కయ్య మొహాన నెత్తురు చుక్క లేదు.

"శనివారం తిరుపతిరావు గారి బస్సు ఎక్కుతుంటే ఫుట్‌బోర్డు రేకు కోసుకుంది," అన్నాడు కృపానందం మెల్లగా. "ఆయనే పరుగున వెళ్ళి మందుల పెట్టె తెచ్చి కట్టు కట్టారు. నా సర్వీసులో ఇలాంటి పెట్టెలు చాలా తెరిచానండి. పొగాకు చూశాను, చింతపండు చూశాను, పేకముక్కలు చూశాను. ఇంత శుభ్రమైన గుడ్డ చూసింది ఈ ఊరి పెళ్ళి బస్సుల్లోనే. మెచ్చుకుని మరీ సర్టిఫికెట్టు రాశాను." పెట్టె మీది ఎర్ర సిలువను మళ్ళీ చూశాడు. "అయితే ఆ పెట్టె మీదన్నమాట."

గుట్టు కాస్తా రట్టయింది. రట్టు చేసింది ఏ శత్రువో కాదు, పెట్టె గలాయనే.

"తిరుపతిరావు గారూ, మీ బస్సు రేపు మళ్ళీ తీసుకురండి. నేను వచ్చాక పాసు చేసిన పెళ్ళి బస్సులన్నీ రావాలి. ఎవరి సామాను వాళ్ళు తెచ్చుకోవాలి." తర్వాత జక్కయ్య వైపు తిరిగాడు. "మీ బస్సు ఇక్కడే ఉంటుందండీ. ఇన్నాళ్ళూ ఈ పెట్టె వెంట లేకుండానే జనాన్ని తిప్పారు. ఈ వారం నేను దీనికి సర్టిఫికెట్టు రాయను."

గురువారం పెళ్ళి సంగతి జక్కయ్య నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

కృపానందం వేలి కట్టు విప్పాడు. ఎండిన నెత్తురు మరక లోపలికి పోయేలా మడిచి, పెట్టెలో పెట్టి మూత వేశాడు. పెట్టె జక్కయ్య చేతికిస్తూ, ఇంకెవరికీ వినపడకుండా, "ఆమె పేరు పదిమందిలో తీసుకురాకుండా ఉండాల్సిందండీ," అన్నాడు.

ఆ మాటలో తప్పు లేదు. అందుకే జక్కయ్యకు అది కారం రాసినట్టయింది. తన పెళ్ళాం పరువు గురించి వీడు తనకు చెప్పడమా అని ఆ స్థితిలో కూడా కడుపు మండింది.

జీపు వెళ్ళాక తిరుపతిరావు మీదికొచ్చాడు. "నీ పెళ్ళాం మీద అనుమానముంటే నీ ఇంట్లో తగలడు! మా బస్సుల మీద తగలడాలా? ఇక్కడ కాదు, మీ ఇంట్లోనే తేల్చుకుంటా పద!"

"తిరుపతిరావు గారూ, మా ఇంటికి మాత్రం వెళ్ళకండి. మీకు దణ్ణం పెడతాను."

తిరుపతిరావు వినలేదు. స్కూటరు స్టార్టు చేసి భవానీపురం వైపు తిప్పాడు.

*

జక్కయ్య పెట్టె భుజాన పెట్టుకుని ఎండలో నడిచాడు. ఏం చెప్పాలో దారంతా కూడబలుక్కున్నాడు. కాళ్ళు పట్టుకుంటే సరిపోతుందనుకున్నాడు. అసలు ఆ పట్టీల సంగతి ముందే చెప్పి ఉంటే ఇంత వచ్చేదా అని ఎదురు నిలదీద్దామనీ అనుకున్నాడు. వీధి మొదట్లో తిరుపతిరావు స్కూటరు ఎదురొచ్చింది. అతను జక్కయ్యను చూసీ చూడనట్టు వెళ్ళిపోయాడు. మొహంలో కోపం లేదు, చెయ్యరాని పని చేసిన మనిషి మొహంలా ఉంది. అది చూసి జక్కయ్య అడుగుల వేగం పెంచాడు.

ఇంటి ముందు రిక్షా నిలబడి ఉంది.

హాల్లో ఎలిజబెత్ నేల మీద కూచుని ఉంది. ఒళ్ళో కత్తెర. ట్రంకుపెట్టె తాళం వేసి పక్కనే ఉంది. ఆమె చుట్టూ తెల్లటి పట్టీలు కుప్పగా పడున్నాయి. పెళ్ళి చీరలో మిగిలిందంతా పట్టీలైపోయింది. సంపూర్ణమ్మ మంచం మీద కూచుని ఉంది.

"ఎలిజబెత్..."

"పెట్టె ఇటివ్వండి," అంది ఆమె తలెత్తకుండా.

ఇచ్చాడు. ఆమె మూత తీసి, నెత్తురు మరక ఉన్న గుడ్డ తీసి పక్కన పెట్టి, కొత్త పట్టీలు చుట్టలు చుట్టి అందులో సర్దసాగింది.

"మిగతావి ఏ గంపలోనో వేసుకోండి. మీ తోటి బస్సుల వాళ్ళకి తలా కాసిని ఇవ్వండి. ఎవరి పెట్టె వాళ్ళు తెచ్చుకోవాలంటగా."

"చీరంతా ఎందుకు చించావు?"

"ఇప్పుడైనా పద్ధతిగా అడిగారు," అంది. నవ్వలేదు. "మొదటి ముక్క ఎందుకు చించానో ముందు వినండి. తెల్లగుడ్డ పెట్టమని మీరన్నారు. పాత దిండు గలీబుంది, చిరిగిన తువ్వాలుంది. చేతికి రాలేదు. మీరు స్టీరింగు ముందు కూచునే మనిషి. బస్సుకేదన్నా అయితే ముందా అద్దం పగిలేది మీ మొహం మీదే. గవర్నమెంటు ఆ రూలు ఎవరి కోసం పెట్టిందో నాకు తెలీదు. నేను మాత్రం మీ కోసం పెట్టాను. మీ తలకి కట్టాల్సొస్తే నేనెక్కడో ఉంటాను, నా చీరన్నా ఉంటుందిలే అనుకున్నా. చెబితే నవ్వుతారని చెప్పలేదు."

జక్కయ్య వంగి నేల మీది పట్టీ ఒకటి చేతిలోకి తీసుకున్నాడు.

"మీరు బండి తీసిన ప్రతిసారీ, పోనీలే పెట్టె వెంట ఉంది అనుకునేదాన్ని. వానల్లో అవనిగడ్డ పెళ్ళికి వెళ్ళారే, గట్టు మీద బండి కాలువలోకి జారబోయిందని వచ్చి చెప్పారే. అప్పుడు పెట్టె ఉందా?"

అతను పక్కన పెట్టిన నెత్తురు మరక గుడ్డ వైపు చూశాడు.

"చెప్పండి. ఉందా?"

"లేదు."

"ఒక్కసారైనా ఉందా?"

"బ్రేకు రోజున..." అని ఆపేశాడు.

"అంటే నా చీర ఊళ్ళో బస్సులన్నీ తిరిగింది గానీ మీ వెంట ఒక్కనాడూ రాలేదు." ఎలిజబెత్ పెట్టె మూత నొక్కి లేచింది. "దాన్ని తిప్పింది మీరు. ఎక్కడ పోయిందని నన్ను పదిమందిలో అడిగింది కూడా మీరే."

"తప్పయిపోయింది. వాడు, ఆ కృపానందం, నిన్ను వాడికిచ్చి చెయ్యాలనుకున్నారని విన్న దగ్గర్నుంచీ..."

"అనుకున్నారు. మా ఇంటికొచ్చి అడిగారు కూడా. వద్దన్నది మా నాన్నని మీరనుకుంటున్నారు. వద్దన్నది నేను. ఎందుకు వద్దన్నానో ఇన్నేళ్ళలో ఒక్కసారి అడిగారా? అడిగుంటే హాయిగా ఉండేది. మీకూ, నాకూ."

"ఇప్పుడు అడుగుతున్నా."

"ఇప్పుడు ఆలస్యమైంది. రిక్షావాడు ఎండలో ఉన్నాడు."

"అమ్మాయ్," అంది సంపూర్ణమ్మ, మంచం దిగుతూ. "వాడికి బుద్ధి లేదు. నన్ను చూసి ఉండిపోవే."

"మిమ్మల్ని చూసే ఇన్నాళ్ళున్నానత్తయ్యా. నిన్న మిమ్మల్నే సాక్షిగా పెట్టాను. ఆ మాట తప్పితే, రేపు నేనేమన్నా ఈ ఇంట్లో ఎవరూ ఖాతరు చెయ్యరు."

ఆమె పెట్టె తీసి జక్కయ్య రెండు చేతుల్లో పెట్టింది. "ఇది బస్సులో పెట్టుకోండి. దీన్నిక ఎవరికీ ఇవ్వకండి," అంది. చేతులు ఖాళీగా ఉంటే ఆమెను పట్టుకుని ఆపేవాడేమో. పెట్టె కింద పెట్టాలని కూడా తోచక అతను అలాగే నిలబడ్డాడు. ఆమె ట్రంకుపెట్టె తీసుకుని గడప దిగింది. రిక్షా కదిలింది.

జక్కయ్య పరుగున మెట్ల మీదికొచ్చాడు. పిలుద్దామనే వచ్చాడు. పేరు పెదాల దాకా వచ్చింది కూడా.

ఆ వీధి చివర మలుపుంది. ఎడమకు తిరిగితే బస్‌స్టాండు, అక్కణ్ణించి గుడివాడ. కుడికి తిరిగితే నాలుగిళ్ళ అవతల బ్రేకిన్‌స్పెక్టరు కృపానందం ఉండే అద్దె ఇల్లు. ఈ సంగతి అతనికి ఆ క్షణంలోనే గుర్తొచ్చింది. దిక్కుమాలిన బుద్ధి, గుర్తు రావద్దంటే వింటుందా? పిలుపు గొంతులోనే ఆగిపోయింది. రిక్షా ఎటు తిరుగుతుందోనని మెడ చాచాడు.

మలుపు దగ్గర రిక్షా నెమ్మదించింది. ఎలిజబెత్ వెనక్కి తిరిగి ఇంటి వైపు చూసింది. పిలుస్తాడేమోనని చూసింది.

మెట్ల మీద జక్కయ్య పెట్టె రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమెను చూడటం లేదు. కుడివైపు మలుపును చూస్తున్నాడు.

ఎలిజబెత్ అది చూసింది. ముందుకు తిరిగి, బస్‌స్టాండుకు పోనిమ్మని రిక్షావాడితో చెప్పింది.